డక్టబుల్ ఏసీకి హోల్ హోమ్ డీహ్యూమిడిఫైయర్ పెట్టించాం, 4 నెలల తర్వాత నా మాట

నమస్తే అండి. డక్టబుల్ ఏసీ అంటే ఫాల్స్ సీలింగ్ పైన డక్ట్‌ల్లోంచి, అంటే గాలి గొట్టాల్లోంచి, గదులకి చల్లగాలి పంపేది. హోల్ హోమ్ డీహ్యూమిడిఫైయర్ అంటే ఆ డక్ట్‌లకే కలిపి ఇల్లంతా గాలిలో తేమ లాగే మిషన్. ముందే చెప్పేస్తున్నా, ఈ యూనిట్ డీలర్ గారు రివ్యూ కోసం ఊరికే ఇచ్చారు. డక్ట్ పని, ప్లంబింగ్, కరెంటు పని డబ్బులు మాత్రం మేమే పెట్టుకున్నాం. ఇక లీటర్లెన్ని, వాట్లెన్ని అనేవి మీరు ఇప్పటికే వేరే వీడియోల్లో చూసే ఉంటారు కాబట్టి వాటి జోలికి పోను.

మాది విజయవాడలో యనమలకుదురు, కరకట్ట దగ్గర. మే నెల ఎండకి మాడిపోతాం నిజమే కానీ ఆ వేడి వేరండీ, జులై వచ్చిందంటే మొదలవుతుంది అసలు బాధ, ఆ ఉక్కపోత. ఏసీ 24లో పెట్టుకుని పడుకున్నా దుప్పటి చల్లగా, జిడ్డుగా ఒంటికి తగులుతూ ఉండేది. ఉప్పు డబ్బాలో చెంచా దిగేది కాదు. పోయినేడు మా అత్తయ్యగారు పెళ్లికి వెళ్దామని బీరువాలోంచి పట్టుచీర తీస్తే ముక్కిన వాసన, మడత విప్పి చూస్తే జరీ అంచు పొడుగునా తెల్లగా బూజు చుక్కలు. ఆవిడ ఒక్క మాట కూడా అనకుండా చీర మళ్లీ మడిచేశారు, అది చూసి నాకు చాలా బాధేసింది.

అంతకుముందు మేం ప్రయత్నించనిది లేదు. బీరువాలో వేలాడదీసే ప్యాకెట్లు అయ్యాయి, ఆన్‌లైన్‌లో ఒక బుల్లి మిషన్ కొన్నాం, రోజంతా నడిస్తే టీ గ్లాసుడు నీళ్లు కూడా వచ్చేవి కావు. తర్వాత కంప్రెసర్ ఉన్న పోర్టబుల్ ఒకటి, అది బాగానే లాగేది కానీ ఒక్క గదికే సరిపోయేది, అర్ధరాత్రి ట్యాంక్ నిండి ఆగిపోయేది, లేచి ఒంపుకోవాలి.

మరి ఏసీ ఉందిగా, అది తేమ తీయదా అంటారు. తీస్తుంది, కానీ చల్లదనం కోసం తిరిగినంతసేపే తీస్తుంది. వానాకాలం రాత్రుళ్లు బయట పెద్ద వేడి ఉండదు, గది తొందరగా చల్లబడిపోతుంది, కంప్రెసర్ ఆగిపోతుంది, బ్లోయర్ (ఏసీ లోపలి ఫ్యాన్) మాత్రం తిరుగుతూనే ఉంటే కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) మీదున్న తడి మళ్లీ ఆవిరై గదిలోకే వస్తుంది. అందుకే డీహ్యూమిడిఫైయర్ ఉన్నా లేకపోయినా ఏసీ ఫ్యాన్ ఆటోలో పెట్టుకోండి, దీనికి పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు ఫిట్టింగ్ సంగతి, నాకు ఒళ్లు మండింది ఇక్కడే. మాన్యువల్‌లో బొమ్మలన్నీ హీటర్ కూడా ఉన్న సిస్టమ్‌వి, చలిదేశాల్లో వేడికీ చల్లదనానికీ ఒకటే డక్ట్ కాబట్టి. మనకి హీటర్ లేకపోయినా బ్లోయర్, కాయిల్, డక్ట్ అవే, పద్ధతేం మారదు. అయితే వచ్చిన కుర్రాళ్లు దీని అవుట్‌లెట్‌ని ఏసీ రిటర్న్ డక్ట్‌లో (గదుల్లోని గాలిని ఏసీకి వెనక్కి తీసుకెళ్లేది) కలిపేశారు. దీన్లోంచి వచ్చేది పొడిగా, వేడిగా ఉండే గాలి, ఎందుకంటే లీటర్ నీళ్లు ఆవిరి నుంచి మళ్లీ నీళ్లయితే దాదాపు 0.68 యూనిట్ల కరెంటుకి సమానమైన వేడి బయటికొస్తుంది, పైన కంప్రెసర్ వేడి అదనం. ఆ పొడిగాలి వెళ్లి ఏసీ తడి కాయిల్ మీద నుంచి పోతే ఏమవుతుంది, మళ్లీ తడి పీల్చుకుంటుంది కదా! వారం రోజులు తేమ మీటర్ 68 శాతం కిందికి దిగలేదు. తర్వాత ఒక పెద్దాయన వచ్చి, హాల్లో విడిగా గ్రిల్ పెట్టి అక్కడి నుంచి గాలి లాగేలా చేసి, అవుట్‌లెట్ తీసుకెళ్లి ఏసీ కాయిల్ దాటాక గదులకి గాలి పంపే సప్లై డక్ట్‌లో కలిపారు, ఏసీ గాలి వెనక్కి తన్నకుండా డ్యాంపర్ కూడా వేశారు. రెండో రోజుకి మీటర్ 54 చూపించింది.

ఇంకోటి డ్రెయిన్ పైపు. ఫాల్స్ సీలింగ్ పైన వాలు ఇవ్వకుండా సాఫీగా పరిచేసి పోయారు మొదటివాళ్లు. పదో రోజు పొద్దున చూస్తే డైనింగ్ టేబుల్ పైన సీలింగ్ మీద పళ్లెమంత మరక, టీ రంగులో, మధ్యలో జిప్సమ్ బోర్డు ఉబ్బి ఒక చుక్క వేలాడుతోంది. నేను చూస్తుండగానే పచ్చడి గిన్నెలో పడింది. కొత్తగా వేయించిన సీలింగ్ అండి అది! మొత్తం విప్పించి వాలు ఇప్పించి, పైపుకి యూ ట్రాప్ (యూ ఆకారపు వంపు) పెట్టించి, మిషన్ కింద నీళ్లు పట్టే ట్రే నిండితే మిషన్ దానంతటదే ఆగిపోయేలా ఫ్లోట్ స్విచ్ కూడా వేయించాం.

ఇదంతా అయ్యాక మాత్రం, అబ్బ, ఇల్లే మారిపోయింది. ఒక రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు పైపు కింద బకెట్ పెట్టి చూశా, 9 లీటర్ల దాకా వచ్చాయి. డబ్బా మీద రోజుకి 45 అని ఉంటుంది, అది 30 డిగ్రీలు, 80 శాతం తేమ దగ్గర చేసిన లెక్క, ఇంట్లో తేమ 55కి దిగాక అన్ని రావు, కొనేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి. ఆ నీళ్లు మొక్కలకి పోస్తున్నా. తాగడానికి పనికిరావు, ఇన్వర్టర్ బ్యాటరీలో కూడా పోయొద్దు.

ఇప్పుడు మేం 27లో పడుకుంటున్నాం, దుప్పటి పొడిగా ఉంటోంది, మా ఆయనకి పొద్దున్నే వచ్చే తుమ్ములు బాగా తగ్గాయి. కరెంటు బిల్లు తగ్గుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి, అక్కడ ఏసీలో మిగిలింది ఇక్కడ ఇది తినేసింది, మాకు దాదాపు అంతే వచ్చింది. మిషన్ యుటిలిటీ వైపు ఉంది కాబట్టి సౌండ్ బెడ్‌రూమ్‌లోకి వినపడదు. దసరాకి అత్తయ్యగారు అదే బీరువాలోంచి ఇంకో చీర తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, కట్టుకుని ఇంద్రకీలాద్రి వెళ్లొచ్చారు. నాకు అది చాలు.

డక్టబుల్ ఏసీ ఉండి, పైన చోటు ఉంటే కళ్లు మూసుకుని పెట్టించుకోండి. స్ప్లిట్ ఏసీలే ఉంటే దీనికోసం డక్ట్‌లు వేయించొద్దు, మంచి పోర్టబుల్ కొనుక్కుని దాని పైపు బాత్రూమ్‌లోకి వదిలేయండి. పెట్టించుకునేవాళ్లు మాత్రం, ఫిట్టింగ్ వాళ్లు సీలింగ్ మూసేముందే ట్రేలో ఒక జగ్గు నీళ్లు పోయించండి, మీరు కిందకెళ్లి పైపు చివర నిలబడి, ఆ నీళ్లు మొత్తం బయటికొచ్చాకే మిగతా డబ్బులు చేతికివ్వండి.