మా అమ్మాయి అప్పజెప్పిన వాక్యం

శ్రోతలందరికీ వందనాలు.

మా అమ్మాయి రెండో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో మా సంఘంలో వి.బి.ఎస్., అంటే సెలవుల్లో పిల్లలకు నడిపే బైబిలు తరగతులు, పెట్టారు. రోజూ పాటలు, బైబిలు కథలు. చివరి రోజు కంఠతవాక్యాల పోటీ. "ప్రేమ దీర్ఘకాలము సహించును, దయ చూపించును" అని ఎక్కడా తడబడకుండా అప్పజెప్పింది. స్టీలు టిఫిన్ డబ్బా బహుమతిగా ఇచ్చారు. మధ్యాహ్నం అన్నం అందులోనే తింటానని పట్టుబట్టింది. మూత బిగుసుకుపోయింది. గట్టిగా లాగేసరికి పప్పుచారంతా నా తెల్లచొక్కా మీద పడింది.

కేకలేశాను. చెయ్యి కూడా లేపాను. పిల్ల ఏడవలేదు. మూతను రెండు చేతులతో గుండెకు ఆనించుకుని నా మొహం వంకే చూస్తూ నిలబడిపోయింది. పొద్దున నోటితో చెప్పిన వాక్యానికి అర్థం వెతుక్కుంటున్నట్టు అనిపించింది నాకు.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనకు కూర్చున్నాం. బైబిలు తెరిచాను గాని చదవడానికి నోరు రాలేదు. "తప్పు నాదే తల్లీ, నన్ను క్షమించు" అన్నాను. అది వెంటనే, "మరక పోయిందా నాన్నా?" అని అడిగింది. ఆ ఒక్క మాటతో నా కళ్లు నిండిపోయాయి.

బైబిల్లో ఎఫెసీయులకు రాసిన పత్రిక, అంటే ఉత్తరం, 6వ అధ్యాయంలో, పిల్లలు తల్లిదండ్రులకు విధేయులై ఉండాలన్న మొదటి వచనాన్ని మనం పిల్లలకు ఎంతో శ్రద్ధగా నేర్పిస్తాం. నాలుగో వచనం మనకు రాసింది. "తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక ప్రభువు యొక్క శిక్షలోను బోధలోను వారిని పెంచుడి." అది నేను కంఠత పట్టింది ఆ పప్పుచారు ఒలికిన తర్వాతే.

కోపం రేపవద్దంటే అదుపు వద్దని కాదు. షిలోహు అనే ఊళ్లోని దేవుని మందిరంలో యాజకుడైన ఏలీ తన కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసులు చేసే అకృత్యాలు తెలిసి కూడా వాళ్లను అడ్డుకోలేదు. ఆ ఇల్లు ఏమైపోయిందో సమూయేలు మొదటి గ్రంథం చెబుతుంది. అదే షిలోహులో, ఆ ఏలీ దగ్గరే, బాలుడైన సమూయేలు పెరిగాడు. చుట్టూ అంత చెడు ఉన్నా ఆ పిల్లవాడు నిలబడ్డాడు. కాపాడింది దేవుడే. అయితే నా మనసు ఎప్పుడూ వాళ్లమ్మ హన్నా దగ్గర ఆగిపోతుంది. మొక్కుకున్న ప్రకారం బిడ్డను దేవుని సేవకు అక్కడే అప్పగించిన ఆ తల్లి, ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి, బలి అర్పించడానికి భర్తతో వచ్చినప్పుడు తెచ్చి ఇచ్చేదట. కళ్లెదుట లేని బిడ్డ ఏడాదిలో ఎంత ఎదిగి ఉంటాడు? చేతుల పొడవు ఎంత పెట్టాలి? సూది పట్టుకున్నంతసేపూ ఆ తల్లి ఇదే ఆలోచించి ఉంటుంది.

సమూయేలు దేవుని దయయందు, మనుష్యుల దయయందు వర్ధిల్లాడని అక్కడ రాసి ఉంది. ఇంచుమించు అదే మాట లూకా సువార్తలో యేసు ప్రభువు గురించి వస్తుంది. 12 ఏళ్ల వయసులో యెరూషలేములో తప్పిపోతే మరియ, యోసేపు వెనక్కి వెళ్లి వెదికారు, మూడు రోజులకు దేవాలయంలో కనబడ్డాడు. "నీ తండ్రియు నేనును దుఃఖపడుచు నిన్ను వెదకుచుంటిమి" అంది మరియ. ఆ మాటలో తిట్టు లేదు, దుఃఖం ఉంది. ఆ తర్వాత ఆయన వాళ్లతో నజరేతుకు వచ్చి వాళ్లకు లోబడి ఉన్నాడు. దేవుని కుమారుడే ఒక వడ్రంగి ఇంట్లో అమ్మానాన్నల మాట విని పెరిగాడు. పిల్లలు క్రీస్తు పోలికలోకి ఎదగాలని ప్రార్థించే మనం, ముందు వాళ్లకు అలాంటి ఇల్లు ఇస్తున్నామా?

మా అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, హాస్టల్లో ఉంటోంది. ఆదివారాలు చూడ్డానికి వెళ్తాం. చెట్టుకింద దుప్పటి పరుచుకుని క్యారియర్ విప్పకముందే, వీక్లీ టెస్టులో ఎన్ని వచ్చాయని అడిగేవాణ్ణి. తను తలొంచుకుని చెప్పేది. వారమంతా ఎదురుచూసిన పిల్లకు నేను తీసుకెళ్లిన అంగీ అదన్నమాట.

ఈ ఆదివారం మళ్లీ వెళ్తున్నాం. వాళ్లమ్మ జంతికలు చేస్తోంది. గదిలో తోటి పిల్లతో మాటామాటా పెరిగి ఇద్దరూ మాట్లాడుకోవడం లేదని పోయినసారి ఫోన్లో చెప్పి ఏడ్చింది. ఆ పిల్ల పేరు కనుక్కున్నాను. తనని కూడా పిలవమంటాను, నలుగురం కలిసి తింటాం. మార్కుల సంగతి తనంతట తను చెబితే వింటాను.