కుక్కల బారి నుంచి మందను కాపాడుకోవడం

గొర్రెలు, మేకలు పెంచుకునే మీ అందరికీ నమస్కారం.

తెల్లారేసరికి దొడ్డిలో జీవాలు చచ్చిపడి ఉంటే ముందు చిరుతపులి పేరే వినిపిస్తుంది. గాట్లు చూడండి. చిరుత సాధారణంగా గొంతు పడుతుంది, చంపినదాన్ని ఈడ్చుకుపోతుంది. కుక్కలు తొడలు, డొక్కలు, చెవులు, తోక ఎక్కడపడితే అక్కడ పీకుతాయి. చాలావాటిని కొరికి వదిలేస్తాయి, తినేది తక్కువ. కొన్ని గొర్రెలు ఒంటిమీద గాటే లేకుండా, బెదిరి మూలకు తోసుకుని ఊపిరాడక చస్తాయి. అందుకే దొడ్డికి మూలలు లేకుండా గుండ్రంగా తిప్పి కట్టుకోవడం మేలు.

కంచె ఎత్తు ఐదారడుగులుంటే చాలు. అసలు లోపం అడుగున ఉంటుంది. రెండడుగుల వెడల్పు జాలీని బయటివైపు నేలమీద పరిచి, కంచెకు తీగతో కుట్టి, రాళ్లు పేర్చి మట్టి కప్పండి. కుక్క కంచె మొదట్లోనే తవ్వుతుంది, అక్కడ జాలీ తగిలి ఆగిపోతుంది. గేటు కింద సందు నాలుగు వేళ్లు దాటకూడదు. వానకు అక్కడ మట్టి కోసుకుపోతుంది కాబట్టి బండ పరవండి. మోటారు కరెంటు మాత్రం కంచెకు తగిలించొద్దు, కుక్కకన్నా ముందు మనిషే పోతాడు.

నిజం చెప్పాలంటే కుక్కలకు రుచి మరిగించేది చాలాసార్లు మనమే. చచ్చిన గొర్రెను ఊరవతల పారేస్తాం, ఈనినప్పుడు పడిన మాయను దొడ్డి పక్కనే విసిరేస్తాం. ఆరడుగుల గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి.

ఇక విషం సంగతి. జంతువును విషం పెట్టి చంపితే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కిందా కేసవుతుంది. పైగా విషం కలిపిన ఆ మాంసం తిని మీ కాపలా కుక్కే ముందు పోతుంది. మంద మీద పడ్డ కుక్కను అదిలించి తరమడం వేరు, తర్వాత వెతికి చంపడం వేరు. ఊరకుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, రేబిస్ టీకాలు వేయించే బాధ్యత 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పంచాయతీలు, మున్సిపాలిటీలదే. అర్జీ రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. పెంపుడు కుక్క అయితే యజమాని మీద నష్టపరిహారానికి సివిల్ దావా వేయొచ్చు, కానీ ఫలానా కుక్కేనని మీరే రుజువు చేయాలి.

కరిచిన జీవానికి పైన చిన్న బెజ్జమే కనిపిస్తుంది, లోపల కండ నలిగిపోయి ఉంటుంది. చుట్టూ ఉన్ని కత్తిరించి, సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి, అయోడిన్ మందు పూయండి. చేతులకు తొడుగులు తప్పనిసరి. గాయాన్ని మూసి కుట్టేస్తే లోపల చీము పడుతుంది. రేబిస్ టీకా మొదటి రోజును సున్నాగా లెక్కపెట్టి 0, 3, 7, 14, 28 రోజుల్లో పడాలి. మూడు సూదులు వేయించి, బాగానే ఉంది కదా అని ఆపేయొద్దు.

బీమా ఉంటే చచ్చిన జీవాన్ని వెంటనే పూడ్చకండి. ముందు కంపెనీకి కబురు చేసి, ఫోటోలు తీసి, పశువైద్యుడితో శవపరీక్ష చేయించండి. బీమా గుర్తుగా చెవికి వేసిన పోగు ఊడదీసి పారేస్తే క్లెయిము రాదు.