అరీతా ఫ్రాంక్లిన్: గొంతు సరే, ఆ పియానో సంగతేంటి?

హోస్ట్: అమెరికా గాయని అరీతా పేరెత్తితే అందరూ గొంతు గురించే మాట్లాడతారు. మీరేమో పియానో దగ్గర మొదలుపెడదామంటున్నారు.

గెస్ట్: మలుపు అక్కడే వచ్చిందండీ. 1960 నుంచి ఆరేళ్లు కొలంబియా రికార్డుల కంపెనీకి పాడింది. జాజ్ పాటలు, వెనకాల వయొలిన్లు. గొంతు అప్పుడూ ఇదే! 1967 జనవరిలో అట్లాంటిక్ అనే మరో రికార్డుల కంపెనీ నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ ఆమెను అలబామాలోని మజిల్ షోల్స్‌కి తీసుకెళ్లి పియానో ముందు కూర్చోబెట్టాడు. ఆమెది డెట్రాయిట్‌లో, నాన్న చర్చిలో, చెవితో పట్టుకున్న వాయింపు. ఎడమచేయి పాటను నడిపిస్తుంది, కుడిచేయి ఆమె పాడిన మాటకి జవాబిస్తుంది. బ్యాండ్ ఆ చేతుల వెనక నడవాల్సిందే.

హోస్ట్: 'రెస్పెక్ట్' కూడా ఆ ఏడాదిదే కదా?

గెస్ట్: ఫిబ్రవరి 14న, న్యూయార్క్‌లో. పాట అసలు గాయకుడు ఓటిస్ రెడ్డింగ్‌ది, 1965లో వచ్చింది. 'రెస్పెక్ట్' అనే మాటను అక్షరం అక్షరం విడగొట్టి పాడటం మాత్రం ఈమె చేర్చిందే. వెనక అక్క ఎర్మా, చెల్లెలు క్యారోలిన్ అందుకుంటారు. చర్చిలో పాస్టర్ అంటే సంఘం బదులు పలికినట్టే.

హోస్ట్: మరి 'అమేజింగ్ గ్రేస్' ఆల్బమ్?

గెస్ట్: 1972 జనవరి 13, 14. లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ పేటలో, న్యూ టెంపుల్ మిషనరీ బాప్టిస్ట్ చర్చిలో రెండు రాత్రులు రికార్డు చేశారు. తోడుగా రెవరెండ్ జేమ్స్ క్లీవ్‌లండ్, ఆయన క్వయర్, అంటే చర్చి గాయక బృందం. డ్రమ్స్ మీద బెర్నార్డ్ పర్డీ, బేస్ మీద చక్ రేనీ. టైటిల్ పాట పది నిమిషాలు దాటుతుంది, తాళం లేదు. మన ఆలాపనలా అనిపిస్తుంది గానీ రాగనియమం ఉండదు. ఒక్కో అక్షరం బ్లూస్ (నల్లజాతి అమెరికన్ల జానపద సంగీతం) స్వరాల చుట్టూ జారుతూ పోతుంది.

హోస్ట్: మన క్వయర్లు ఈ పద్ధతి పట్టుకోవాలంటే?

గెస్ట్: ముందు చప్పట్లు. నెమ్మదిగా సాగే గాస్పెల్‌కి, అంటే ఈ చర్చి పాటలకి, "తకిట" నాలుగుసార్లు అనుకోండి, పన్నెండు అక్షరాలు. చప్పట్లు రెండో తకిట మీద, నాలుగో తకిట మీద. మనవాళ్ల చేయి అలవాటుగా మొదటిదాని మీద పడుతుంది. అంతే, పాట కవాతు అయిపోతుంది! గొంతు కలపకుండా పది నిమిషాలు ఇదొక్కటే చేయించండి.

హోస్ట్: మరి అక్షరాన్ని జారుస్తూ పాడే ఆ మెలికలు?

గెస్ట్: ప్రతి అక్షరానికీ మెలిక పెడితే మాట వినపడదు. మొదటి చరణం సాదాగా పాడి, చివర వ్యాంప్‌కి దాచుకోవాలి. వ్యాంప్ అంటే ఒకే చిన్న లైన్‌ని తిప్పి తిప్పి పాడటం. క్వయర్ ఆ లైన్‌ని కదపకూడదు, ప్రతిసారీ మార్చేది లీడ్, అంటే ముందుండి పాడేవారు, ఒక్కరే. అందరూ మారిస్తే గోల. ఇంకోటి, ఆమె శ్రుతిలో మొదలెట్టకండి. రెండు మూడు మెట్లు దించితే వ్యాంప్‌లో ఎక్కడానికి పైన చోటు మిగులుతుంది.

హోస్ట్: ఆ రాత్రుల ఫిల్మ్ మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది.

గెస్ట్: 2018లో, ఆమె పోయాక. దర్శకుడు సిడ్నీ పొలాక్ షూటింగ్‌లో క్లాప్ బోర్డు వాడలేదు. దాంతో బొమ్మకీ శబ్దానికీ జత కుదరలేదు. ఇప్పుడు దొరుకుతోందిగా, క్వయర్ డైరెక్టర్ అలెగ్జాండర్ హామిల్టన్ చేతులు చూడండి. గొంతులు ఎప్పుడు లేవాలో, ఎప్పుడు ఆగాలో ఆ చేతులే చెబుతాయి.