రెండు మానవ హెర్పిస్‌లు, ఒక చింపాంజీ

అందరికీ నమస్కారం.

హెర్పిస్ అనగానే మనవాళ్లు ముఖం తిప్పుకుంటారు. ఆటలమ్మ, సర్పి తెచ్చే వైరస్ కూడా ఆ కుటుంబంలోదేనంటే ఆశ్చర్యపోతారు. ఈ రోజు ఆ కుటుంబంలో ఒక్క శాఖ గురించే చెబుతాను. పెదవి మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ సింప్లెక్స్ వైరస్-1 (హెచ్‌ఎస్‌వి-1), ఎక్కువగా జననాంగాల దగ్గర కనిపించే హెచ్‌ఎస్‌వి-2, కోతుల్లో, చింపాంజీల్లో వాటికున్న చుట్టాలు.

హెచ్‌ఎస్‌వి-1 జీనోమ్‌ను, అంటే దాని మొత్తం జన్యు రాతను, 1988లోనే గ్లాస్గోలో పూర్తిగా చదివారు. అందులో సుమారు 1,52,000 డీఎన్‌ఏ అక్షరాలున్నాయి. హెచ్‌ఎస్‌వి-2లో సుమారు 1,55,000. మకాక్ కోతుల్లో ఉండే బి వైరస్‌లో 1,56,000 పైచిలుకు. పక్కపక్కన పెట్టి చూస్తే జన్యువులు చాలావరకు అవే, వాటి వరస కూడా అదే. తేడాలన్నీ అక్షరాల్లో. తాళపత్ర ప్రతులను పరిష్కరించేవాళ్లు రాతగాళ్ల తప్పులను బట్టి ఏ ప్రతి ఏ ప్రతి నుంచి వచ్చిందో చెప్పినట్టే, ఈ తేడాలను లెక్కగట్టి వైరస్‌ల వంశవృక్షం గీస్తారు.

ఈ వైరస్ ఒకసారి ఒంట్లో చేరితే నాడీకణాల్లో నక్కి జీవితాంతం ఉండిపోతుంది. అందుకే జంతుజాతి రెండుగా చీలినప్పుడు దాని వైరస్ కూడా సాధారణంగా దానితోపాటే చీలుతుంది. ఆ లెక్కన మనిషిలోని రెండు వైరస్‌లు ఒకదానికొకటి అన్నిటికన్నా దగ్గరగా ఉండాలి. కానీ హెచ్‌ఎస్‌వి-2కి దగ్గరి చుట్టం చింపాంజీ వైరస్! 2014లో అచ్చయిన అంచనా ప్రకారం హెచ్‌ఎస్‌వి-1 దాదాపు 60 లక్షల ఏళ్ల కిందట, మనమూ చింపాంజీలూ విడిపోయిన కాలంలోనే వేరైంది. హెచ్‌ఎస్‌వి-2 మాత్రం దాదాపు 16 లక్షల ఏళ్ల కిందట చింపాంజీల పూర్వీకుల నుంచి మన పూర్వీకులకు అంటుకుంది. అప్పటికి మన జాతి మనిషి ఇంకా పుట్టనే లేదు. మధ్యలో పారాంత్రోపస్ బోయిసీ అనే, మనిషికి చుట్టమైన అంతరించిన జీవి దాన్ని మోసి ఉండొచ్చని 2017లో కొందరు వాదించారు. కథ బాగుంది కానీ, నాకు అది ఊహగానే తోస్తుంది. ఎవరి నుంచి, సుమారుగా ఎప్పుడు అన్నంతవరకే జీనోమ్ చెప్పగలదు. కొరికితే అంటుకుందా, మాంసం తింటే అంటుకుందా అనేది చెప్పదు.

ఇక బి వైరస్ సంగతి. మన ఊళ్ల మీద పడే కోతులు కూడా మకాక్‌లే. కోతికి ఇది సాధారణంగా పెద్ద జబ్బేం కాదు. మనిషికి సోకడం చాలా అరుదు, కానీ సోకి వైద్యం అందకపోతే మెదడు దెబ్బతిని ఎక్కువమంది చనిపోతారు. 1932లో ప్రయోగశాల కోతి కరిచి ఒక యువ డాక్టర్ చనిపోవడంతోనే ఇది బయటపడింది. ఇంత ప్రమాదకరమైన వైరస్ కదా, హెచ్‌ఎస్‌వి-1లో లేని జన్యువేదో ఇందులో ఉంటుందని అనుకుంటాం. 2003లో జీనోమ్ చదివితే తిరకాసు తేలింది. ఇందులో ఒక జన్యువు తక్కువ! అదీ మామూలుది కాదు, మెదడులో బాగా పెరిగేందుకు హెచ్‌ఎస్‌వి-1కి తోడ్పడే గామా 34.5 అనే జన్యువు. ఆ జన్యువును హెచ్‌ఎస్‌వి-1 నుంచి తీసేస్తే వైరస్ నీరసపడుతుంది. అలా నీరసపరిచిన టి-వెక్ అనే హెచ్‌ఎస్‌వి-1 వైరస్‌ను అమెరికాలో 2015 నుంచి మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు మందుగా వాడుతున్నారు.

మరి అది లేకుండానే బి వైరస్ మెదడును ఎలా దెబ్బతీస్తోంది? హెచ్‌ఎస్‌వి-1లోనే యుఎస్11 అనే జన్యువు ఉంది. అది మామూలు కన్నా ముందే పనిలోకి దిగేలా మారిస్తే గామా 34.5 లేని లోటు కొంత తీరుస్తుందని ప్రయోగాల్లో తేలింది. బి వైరస్‌లోనూ యుఎస్11 ఉంది. నన్నడిగితే వెతకాల్సింది అక్కడే.