షుగర్ బిళ్ళలో లేని గంధకం

(కావలిలో పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

పెద్దలందరికీ నమస్కారం. నేను డాక్టర్ని కాను, కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. కాబట్టి ఎవరు ఏ బిళ్ళ వేసుకోవాలో చెప్పను. ఒక బిళ్ళ లోపలికి పోయాక మన కణాల్లోని గంధకంతో ఏం పేచీ పెడుతుందో చెబుతాను.

ఆ బిళ్ళ మెట్‌ఫార్మిన్. ఇక్కడ చాలామంది జేబుల్లో ఇప్పుడు కూడా ఉండే ఉంటుంది. 1922లో డబ్లిన్‌లో వెర్నర్, బెల్ అనే ఇద్దరు దీన్ని తయారు చేశారు. మనుషుల్లో షుగర్ తగ్గిస్తుందని 1957లో ఫ్రాన్స్ డాక్టరు జాన్ స్టెర్న్ ప్రకటించారు. ఇందులో గంధకం ఒక్క పరమాణువు కూడా లేదు. దీనికి జతగా రాసే గ్లిమిపిరైడ్‌లో ఉంది. అయితే అది పాంక్రియాస్ చేత ఇన్సులిన్ వదిలించి ఊరుకుంటుంది. గంధకం లెక్క తారుమారు చేసేది మాత్రం అది లేని మెట్‌ఫార్మినే!

గుడ్డు, చేప, పాలు, ఏది తిన్నా అందులోంచి మిథియోనిన్ అనే గంధకపు అమైనో ఆమ్లం, అంటే ప్రోటీన్‌లోని ఒక ముక్క, వస్తుంది. కణం దాన్ని వాడుకున్నాక హోమోసిస్టీన్ మిగులుతుంది. దీన్ని కనిపెట్టిన విన్సెంట్ డు విన్యూ గంధక సమ్మేళనాల మీద పనికే 1955లో నోబెల్ అందుకున్నారు. హోమోసిస్టీన్‌ని రెండు తూములున్న కాలువ అనుకోండి. ఒక తూములోంచి పోతే సిస్టీన్‌గా మారి, కణాన్ని కాచే గ్లూటాథయోన్‌కి ముడిసరుకవుతుంది. అక్కడ విటమిన్ బి6 కావాలి. రెండో తూములోంచి పోతే తిరిగి మిథియోనిన్ అవుతుంది. అక్కడ బి12, ఫోలిక్ యాసిడ్ రెండూ ఉండాలి. ఫోలిక్ యాసిడ్ అన్నాక మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోకుండా ముందుకు పోలేను. అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన నడిపిన బృందమే 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది.

మెట్‌ఫార్మిన్ అడ్డుపడేది బి12కి. చిన్నపేగు చివర్లో కాల్షియం సాయంతో అది ఒంటికి పట్టాలి, ఆ పని కుంటుపడుతుంది. కాలేయంలో నిల్వ కొన్నేళ్లకు సరిపడా ఉంటుంది గనుక మొదట్లో ఏమీ తెలియదు. నిల్వ తరిగాక రెండో తూము సగం మూసుకుపోయి రక్తంలో హోమోసిస్టీన్ పెరుగుతుంది. పెరిగితే గుండెకు చేటని ఒకప్పుడు తెగ భయపెట్టారు. విటమిన్లతో దాన్ని తగ్గించి చూసిన పెద్ద ప్రయోగాల్లో గుండెపోట్లు తగ్గలేదు. అందుకే అందరూ ఆ టెస్టుకి పరుగెత్తాలని నేననను.

నా టెన్షన్ అంతా పాదాల గురించి. మా పాత సహోద్యోగి ఒకాయనకి నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. రాత్రిళ్లు అరికాళ్లు మంట, తిమ్మిర్లు. ‘షుగర్ నరం’ అని అందరూ తేల్చేశారు, ఆయనా సరేననుకున్నాడు. చివరికి బి12 చూస్తే బాగా తక్కువ. ఇంజక్షన్లు పడ్డాక కొన్ని నెలలకు మంట తగ్గింది. షుగర్ వల్ల నరం దెబ్బతినడం, బి12 లేక దెబ్బతినడం, రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. రెండోదాన్ని సకాలంలో పట్టుకుంటే చాలావరకు తిప్పుకోవచ్చు.

రక్తం తక్కువైందని ఎవరో చెబితే ఉత్త ఫోలిక్ యాసిడ్ బిళ్ళలు మింగేవాళ్లున్నారు. అసలు లోపం బి12ది అయితే రక్తం బాగుపడుతుంది, లోపల నరం మాత్రం పాడవుతూనే ఉంటుంది. గ్యాస్ బిళ్ళలు ఏళ్ల తరబడి వాడేవారికి కూడా బి12 తగ్గుతుంది. మెట్‌ఫార్మిన్, గ్యాస్ బిళ్ళ రెండూ కలిపి వేసుకునేవాళ్లు మనలో తక్కువేం లేరు. మన నెల్లూరు చేపల పులుసులో బి12 దండిగా ఉంటుంది. శాకాహారులకు పాలు, పెరుగే దిక్కు. కానీ పేగు దగ్గరే చిక్కు వచ్చినప్పుడు తిండి ఒక్కటే సరిపోకపోవచ్చు.

ఇదంతా విని రేపటి నుంచి మెట్‌ఫార్మిన్ మానేస్తే నన్ను తిట్టుకుంటారు, షుగర్ పెరిగిపోతుంది. ఏళ్లుగా వాడుతున్నవాళ్లు ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు బి12 టెస్టు సంగతి అడగండి, కాళ్ల తిమ్మిర్లుంటే తప్పకుండా అడగండి. ఇక మీ ప్రశ్నలు కానివ్వండి.