పని వచ్చినోళ్ళే ఎందుకు కావాలంటారు?

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారు వచ్చి మాట్లాడమన్నప్పుడు నేను ఒకటే అడిగా, సార్ మీ పిల్లలకి దేని గురించి ఎక్కువ దిగులు అని. "అందరూ అనుభవం అడుగుతున్నారు, ఎవరూ ఉద్యోగం ఇవ్వకపోతే అనుభవం ఎట్టా వచ్చిద్ది సార్ అంటున్నారు, నేనేం చెప్పాలి?" అన్నారాయన. నేను చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో 16 ఏళ్ళుగా మనుషుల్ని తీసుకునే పని చూస్తున్నా. ప్రకటనలో "2 ఏళ్ళ అనుభవం తప్పనిసరి" అని రాసేది నేనే, కాబట్టి దీనికి నేనే జవాబు చెప్పాలి.

మనది ఒంగోలు కాబట్టి ఎద్దు గురించి చెప్తే ఎవరూ తప్పుగా అనుకోరు. మా నాయన సంతకి పోతే ముందు పళ్ళు చూసేవాడు, తర్వాత మెడ మీద చెయ్యేసి కాడి రాసిన గుర్తు ఉందా అని తడిమేవాడు. ఎంత అందమైన కోడె అయినా సరే, వాన పడి పదును మీద ఉన్న చేను ఎదురుచూస్తా ఉంటే దాన్ని కొనేవాడు కాదు, ఎందుకంటే దానికి పని అలవాటు చేసేలోపల అదును దాటిపోయిద్ది. ఫ్యాక్టరీలో కూడా మనిషిని వెతికేది అదునులోనే. ఒకడు మానేసి వెళ్ళిపోయాడు, మెషిన్ ఖాళీగా ఉంది, ఆర్డర్ కంటైనర్‌కి ఎక్కాల్సిన తేదీ ముందే రాసుంది, అప్పుడు యజమాని నాకు ఫోన్ చేసి రేపటికి మనిషి కావాలంటాడు. నేర్చుకుంటా అనే కుర్రాడు ఎదురుగా నిలబడితే మంచోడే అనిపిస్తాడు, కానీ తీసుకోలేను.

ఇంకోటి, మన గెలాక్సీ రాయి సంగతి మీకు తెలిసిందే, నల్లటి రాయిలో బంగారు చుక్కలు, ఆ మెరుపు బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల వచ్చిద్ది. బ్లాక్‌ని కోసి స్లాబ్ తీసి పాలిష్ పెట్టేటప్పుడు చెయ్యి తిరగనోడి వల్ల అంచు పగిలితే ఆ రాయిని మళ్ళీ అతికించలేం. నేర్చుకునేవాడి తప్పుకి ఖరీదు ఉంటది, ఆ ఖరీదు ఎవరు పెట్టుకోవాలన్నదే అసలు గొడవ.

నా అనుభవం ఒకటి చెప్తా. కొన్నేళ్ళ కిందట పల్లెల నుంచి నలుగురు కుర్రాళ్ళని తీసుకుని 6 నెలలు పాలిష్ లైన్ మీద నేర్పించాం, జీతం ఇచ్చి, పాడైన సరుకు భరించి. పని వచ్చిన తర్వాత వేరే ఫ్యాక్టరీ వాళ్ళు నెలకి 3 వేలు ఎక్కువ ఇస్తామంటే ముగ్గురు అక్కడికి వెళ్ళిపోయారు. వాళ్ళని నేను తప్పు పట్టను, ఇంటి అవసరాలు అట్టాంటివి. కానీ ఆ తర్వాత మా యజమాని నేర్పడం అనే మాట ఎత్తనివ్వలేదు. గ్యారీ బెకర్ అని అమెరికా ఆర్థికవేత్త, 1992లో నోబెల్ వచ్చింది, ఆయన 1964లోనే దీన్ని విడమర్చి చెప్పాడు. ఎక్కడికి పోయినా పనికొచ్చే పని, అంటే వెల్డింగ్, లేత్, అకౌంట్స్ లాంటివి, వాటికి కంపెనీ తన డబ్బు పెట్టడానికి వెనకాడుద్ది, ఎందుకంటే నేర్చుకున్నోడు రేపు ఆ పని చేతిలో పెట్టుకుని బయటికి పోగలడు. తన దగ్గర మాత్రమే పనికొచ్చేదైతే సంతోషంగా నేర్పుద్ది. మా మెషిన్ అలవాట్లు, మా బయ్యర్ పద్ధతులు ఎవరికైనా మేం నేర్పుతాం, కానీ టేపు పట్టి కొలవడం కూడా రాకపోతే కష్టం.

పోయిన ఏడు అకౌంట్స్‌కి ఇద్దరు అమ్మాయిలు వచ్చారు, ఇద్దరిదీ బీకామే. ఒకమ్మాయికి మార్కులు చాలా ఎక్కువ, చక్కగా మాట్లాడింది. రెండో అమ్మాయి కాస్త బెరుగ్గా కూర్చుంది. 50 వేలు దాటిన సరుకు లారీ ఎక్కుతుంటే ఏం చూసుకుంటావమ్మా అని అడిగా. మొదటి అమ్మాయి ఆలోచిస్తానే ఉంది. రెండో అమ్మాయి ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ పత్రం), అందులో లారీ నంబర్ తప్పు పడితే దారిలో ఆపుతారు సార్ అంది, ఆ తర్వాత నేను అడక్కుండానే 11వ తేదీకి జీఎస్టీఆర్-1 (అమ్మకాల లెక్క), 20కి 3బీ (పన్ను కట్టే లెక్క) అని చెప్పింది. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అంటే, సెలవల్లో దర్శిలో మా మావయ్య ఎరువుల కొట్లో ట్యాలీలో, అంటే కంప్యూటర్ లెక్కల ప్రోగ్రాంలో, లెక్కలు ఎక్కించేదాన్ని సార్ అంది. కొట్లో చేసిన పనిని రెజ్యూమేలో ఎక్కడా రాయలేదు, అది ఉద్యోగం కాదు కదా అనుకుందంట! ఆ అమ్మాయినే తీసుకున్నాం. మీలో కూడా ఇట్టాంటి పని చేసినోళ్ళు చాలామంది ఉంటారు, రొయ్యల చెరువు కాడ ఏరేటర్ మోటార్లు బాగుచేసినోళ్ళు, బాబాయి వెల్డింగ్ షాపులో గేట్లు కట్టినోళ్ళు, అదంతా రాయండి, ఫోటోలు ఉంటే తెచ్చి చూపించండి. డబ్బులిచ్చి దొంగ అనుభవ పత్రాలు మాత్రం కొనొద్దు, పీఎఫ్ నంబర్ అడిగితే బయటపడిపోయిద్ది.

అయితే తప్పంతా మీదే అన్నట్టు మాట్లాడి వెళ్ళిపోతే నేను అబద్ధం చెప్పినట్టే. 2 నెలల్లో వచ్చే పనికి 2 ఏళ్ళ అనుభవం అడగడం అన్యాయం, నేను కూడా అట్టా రాశాను. మా తాత కోడెకి కాడి అలవాటు చెయ్యాలంటే ఒంటిగా కట్టేవాడు కాదు, ఒక పక్క ముసలి ఎద్దుని కట్టి రెండో పక్క దీన్ని కట్టేవాడు, నాలుగు చాళ్ళు తిరిగేసరికి అదే నేర్చుకునేది. ఊళ్ళో అందరూ పని వచ్చిన ఎద్దే కావాలని సంతకి పోతే సంతలోకి అది ఎక్కడ నుంచి వచ్చిద్ది?

అప్రెంటిస్ అంటే ఫ్యాక్టరీలోనే పని నేర్చుకునే కుర్రాళ్ళు, వాళ్ళ కోసం అప్రెంటిస్ చట్టం 1961 నుంచీ ఉంది. 30 మంది, ఆపైన పనిచేసే చోట రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లని పెట్టుకోవాల్సిందే అని 2019 నుంచి రూలు, వాళ్ళకిచ్చే స్టైపెండ్‌లో పావు వంతు, నెలకి 1500 దాకా కేంద్రం భరిస్తది. ఈ లెక్క కాగితం మీద వేసి మా యజమాని ముందు పెట్టా, ముగ్గురు పోయారని నేర్పడం మానేస్తే ఎట్టా అని గట్టిగానే అడిగా. ఈ ఏడు ఆరుగురికి ఒప్పుకున్నాడు. ఫిట్టర్ ఇద్దరు, ఎలక్ట్రీషియన్ ఇద్దరు, ఆఫీసులోకి ఇద్దరు, ఒక్కొక్కరిని ఒక పాత మనిషికి జత చేస్తాం. ఫారాలు అదిగో ఆ బల్ల మీద పెట్టా. ఇంటి కాడ, కొట్లో, చేలో ఏ పని చేసినా వెనక పేజీలో రాసి సోమవారం లోపల ఇవ్వండి, రాసింది నేనే కూర్చుని చదువుతా.