14 సీట్ల లెక్క

శ్రోతలకు నమస్కారం.

మా అక్క కూతురు ఇక్కడే చెన్నైలో బి.ఏ. మొదటి సంవత్సరం. చరిత్ర, రాజనీతి శాస్త్రం రెండూ తీసుకుంది. మొన్న టి.నగర్‌లో పండగ బట్టలు కొని, కాళ్లు లాగుతుంటే పానగల్ పార్కులో కూర్చున్నాం. "పిన్నీ, ఒకదాంట్లో అన్నీ తేదీలు, ఇంకోదాంట్లో అన్నీ ఆర్టికల్స్. రెండూ కలిపి ఎందుకు తీసుకున్నానా అని టెన్షన్‌గా ఉంది" అంది.

"ఈ పార్కు ఎవరి పేరు మీద ఉందో తెలుసా?" అన్నాను. తెలీదంది.

పానగల్ రాజా మన కాళహస్తిలో పుట్టిన తెలుగాయన. బ్రాహ్మణేతరుల పక్షాన నిలిచిన జస్టిస్ పార్టీ తరఫున 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ మంత్రివర్గాన్ని నడిపారు. ప్రభుత్వోద్యోగాల్లో ఎవరికెన్ని అని లెక్కగట్టే కమ్యూనల్ జీవో ఆయన హయాంలోనే, 1921లో వచ్చింది. ఆ పద్ధతి తర్వాత కాలేజీ సీట్లకూ పాకింది. చేతిలో ఉన్న బట్టల బిల్లు వెనక రాసి చూపించాను. స్వాతంత్య్రం వచ్చాక అమల్లో ఉన్న లెక్క ఇది: ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లకూ క్రైస్తవులకూ కలిపి 1, ముస్లిములకు 1.

1950లో రాజ్యాంగం వచ్చింది. మెడికల్ సీటు విషయమై చంపకం దొరైరాజన్ కోర్టుకెక్కారు. 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, ఇలా సీట్లు పంచే జీవో చెల్లదంది. జూన్‌కల్లా పార్లమెంటు రాజ్యాంగానికి మొదటి సవరణ చేసి, వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చెయ్యొచ్చని చెప్పే ఆర్టికల్ 15(4) చేర్చింది.

"నేను బట్టీ పడుతున్నది ఇదేనా!" అంది పిల్ల.

ఇదే. ఆర్టికల్ ఒక్కటే చదివితే ఎక్కణ్ణుంచో ఊడిపడినట్టుంటుంది. జీవో ఒక్కటే చదివితే ఎప్పుడో ముగిసిన గొడవలా ఉంటుంది. చరిత్రనీ, రాజనీతి శాస్త్రాన్నీ విడదీసి చెప్పడం పిల్లలకు మనం చేస్తున్న అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. సివిల్స్‌కి పనికొస్తుందనో, మార్కులు సులువనో ఈ కోర్సులో చేర్పించే తల్లిదండ్రులకు కూడా ఇది చెప్పాలనిపిస్తుంది.

బిల్లు వంక చాలాసేపు చూసి, "తొలి ఎన్నికలు 51 చివర్లో కదా మొదలైంది? మరి జూన్‌లో రాజ్యాంగాన్ని మార్చిందెవరు?" అనడిగింది.

నాకెంత సంతోషమేసిందో! అప్పుడున్నది తాత్కాలిక పార్లమెంటు. దానికి ఆ అధికారం లేదని అదే ఏడాది సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఉందని కోర్టు తేల్చింది. శంకరీ ప్రసాద్ కేసు చూడమన్నాను. ఆ పేరు కూడా బిల్లు మీదే రాసుకుని, మడిచి పర్సులో పెట్టుకుంది.

సెలవు.